సింగపూర్ ఆర్మీలో కుర్రాళ్ల చేతికి ఏ తుపాకీ ఇస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి

కందుకూరోడు:

అందరికీ నమస్తే. మా పెదనాన్న కొడుకు చాలా ఏళ్ల కిందట కందుకూరు నుంచి సింగపూర్ వెళ్లి షిప్‌యార్డులో పనికి చేరాడు, తర్వాత పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) తీసుకుని వదినని, పిల్లల్ని కూడా అక్కడికే తీసుకెళ్లాడు. వాళ్ల అబ్బాయి అక్కడే చదువుకున్నాడు, డిప్లొమా అయిపోయింది, ఇప్పుడు నేషనల్ సర్వీసుకి, అంటే అక్కడ తప్పనిసరిగా చేయాల్సిన సైనిక సేవకి, రమ్మని లెటర్ వచ్చింది. తండ్రి పీఆర్ అయితే అక్కడ పెరిగిన కొడుకు దాదాపు రెండేళ్లు చేసి తీరాల్సిందే. పీఆర్ వదిలేసుకుని తప్పుకుంటే తర్వాత ఆ దేశంలో చదువుకి గానీ ఉద్యోగానికి గానీ అప్లై చేసినప్పుడు అది అడ్డు పడుతుంది.

పిల్లోడు ఉషారుగానే ఉన్నాడు, వదినకే నిద్ర పట్టడం లేదు. రోజూ ఫోన్ చేసి "నువ్వు ఇంటర్నెట్‌లో చూసి చెప్పు మరిదీ, నిజం తుపాకీ ఇస్తారా, బరువుంటుందా, పేలి చేతిలో ఏమన్నా అవుతుందా" అని అడుగుతోంది. వాడు చూస్తే పట్టుమని అరవై కిలోలు లేడు. మన సైన్యం ఇన్సాస్ రైఫిల్ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో మనందరం విన్నాం గదా, ఇంత పెద్ద దేశంలోనే అట్టా జరిగితే అంత చిన్న దేశం ఏ తుపాకులు వాడుతుందో, ఎక్కడ కొంటుందో నాకు తెలియడం లేదు. ఎన్‌సీసీలో లాగా డ్రిల్లు చేయించి పంపిస్తారా, లేక నిజంగా సైనికుడిని చేస్తారా? ఆర్మీలో చేసినవాళ్లు, సింగపూర్‌లో ఉన్నవాళ్లు ఎవరన్నా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి, వదినకి చదివి వినిపిస్తాను.

ఒంగోలు_మెకానికల్:

అన్నా, నిజం తుపాకీయే ఇస్తారు, అదీ వాళ్ల దేశంలో తయారైనదే. పేరు ఎస్ఏఆర్ 21. 1999లో బయటికి తెచ్చారు, అప్పటిదాకా వాడిన ఎం16 స్థానంలో ఇది వచ్చింది. ఆ ఎం16లు కూడా అమెరికా నుంచి లైసెన్సు తీసుకుని సింగపూర్‌లోనే తయారుచేసుకున్నవి, దానికోసం 1967లోనే చార్టర్డ్ ఇండస్ట్రీస్ అని ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టారు. దేశం పుట్టింది 1965లో. అంటే రెండేళ్లలో తూటాల ఫ్యాక్టరీకి పునాది వేసుకున్నారు. ఇప్పుడది ఎస్‌టీ ఇంజనీరింగ్ అనే అక్కడి కంపెనీలో భాగం.

నాకు ఈ రైఫిల్ మీద ఇష్టం ఎక్కువ, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. ఇది బుల్‌పప్ రకం. మామూలు రైఫిల్లో తూటాలు ఉండే మ్యాగజైన్ ట్రిగ్గర్‌కి ముందు ఉంటుంది, ఇందులో ట్రిగ్గర్‌కి వెనక, భుజానికి ఆనించే భాగంలోనే మ్యాగజైన్, తూటాని లోపలికి నెట్టే బోల్టు అన్నీ ఉంటాయి. దానివల్ల బారెల్ పొడవు తగ్గించకుండానే మొత్తం తుపాకీ పొట్టిదవుతుంది. ఎస్ఏఆర్ 21 పొడవు 805 మిల్లీమీటర్లు, అదే 5.56 ఎంఎం తూటా కాల్చే మన ఇన్సాస్ 960. చెట్ల మధ్య నడిచేవాడికి, కవచ వాహనంలో పక్కపక్కన ఇరుక్కుని కూర్చునేవాడికి ఆ తేడా చాలా ఎక్కువ. ఖాళీగా 3.82 కిలోలు, అంటే తేలికేం కాదు, కానీ బరువంతా వెనక్కి, ఒంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి సన్నటి కుర్రాడు కూడా ముందుకి తూలకుండా పట్టుకోగలడు.

ఇంకోటి, స్కోప్. పైన పట్టుకునే హ్యాండిల్‌లోనే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా చూపించే స్కోప్ బిగించి ఉంటుంది. గురి సరిచేయడం, అంటే జీరోయింగ్, ఆయుధాలు చూసుకునే విభాగమే చేసి ఇస్తుంది. ఒక్కో కుర్రాడు ఎవరికి వాళ్లు గంటలకొద్దీ జీరోయింగ్‌తో కుస్తీ పట్టే పని బాగా తగ్గుతుంది. ఏటా వేలమంది కొత్త పిల్లలు వస్తారు, వాళ్లలో ఎక్కువమంది జీవితంలో తుపాకీ ముట్టుకోనివాళ్లు, వాళ్లందరికీ కొద్ది వారాల్లో గురి నేర్పాలి. ఈ రైఫిల్‌ని గీసినవాళ్లు దాన్నే ముందు పెట్టుకుని గీశారనిపిస్తుంది నాకు. మ్యాగజైన్ పారదర్శకంగా ఉంటుంది, 30 తూటాల్లో ఎన్ని మిగిలాయో కంటికి కనపడుతుంది.

వదినగారు అడిగిన పేలుడు సంగతి కూడా వాళ్లు ఆలోచించారు. బుల్‌పప్‌లో తూటా పేలే చాంబర్ చెంపకి దగ్గరగా ఉంటుంది, అదే దీని మీద అందరికీ ఉండే భయం. అందుకని చెంప ఆనేచోట కెవ్లార్ అనే గట్టి పదార్థంతో చేసిన ప్లేటు పెట్టారు. ఎప్పుడన్నా తూటా లోపలే పగిలి ఒత్తిడి పెరిగితే ఆ గ్యాస్ ముఖం వైపు కాకుండా వేరే వైపు పోవడానికి దారి విడిగా ఇచ్చారు. అట్టాంటిది జరగడమే అరుదు. ధైర్యంగా ఉండమనండి.

కందుకూరోడు:

చాలా థాంక్స్ తమ్ముడూ. వదినకి కెవ్లార్ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను. ఒక డౌటు, అందరికీ ఇదేనా, పెద్ద మిషన్ గన్లు అవీ కూడా ఈ పిల్లల చేతనే మోయిస్తారా? ఇంకా తోపులు (ఫిరంగులు), ట్యాంకులు కూడా ఉన్నాయని విన్నాను, అంత చిన్న ఊళ్లో అవి ఎక్కడ తిప్పుతారు?

గన్నర్_గిద్దలూరు:

బాబూ, నేను ఆర్టిలరీలో చేసి రిటైరై గిద్దలూరులో ఉంటున్నాను. నువ్వడిగిన రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను, ఎందుకంటే సింగపూర్ గన్నర్లని నేను నాసిక్ పక్కన దేవ్‌లాలీలో నా కళ్లతో చూశాను.

ముందు లెక్క చూడు. మన పాత ప్రకాశం జిల్లా, విడగొట్టకముందు, 17,626 చదరపు కిలోమీటర్లు. సింగపూర్ దేశం మొత్తం కలిపి 735 దరిదాపుల్లో. తూర్పు నుంచి పడమరకి యాభై కిలోమీటర్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి ముప్పై కూడా లేదు. 155 ఎంఎం తోపు గుండు ముప్పై కిలోమీటర్లు పోతుంది. ఇక ఆ దీవిలో ఎక్కడ పెట్టి కాలుస్తావు? ఒక మూల నుంచి పేలిస్తే ఊరి మీదుగా పోయి సముద్రంలోనో పక్క దేశంలోనో పడాలి. అందుకనే వాళ్లు తోపులు కాల్చడానికి న్యూజిలాండ్‌లో వైయూరు పోతారు, పెద్ద విన్యాసాలకి ఆస్ట్రేలియాలో షోల్‌వాటర్ బే పోతారు, హైమార్స్ రాకెట్లు కాల్చడానికి అమెరికా దాకా పోతారు. మన దేశానికి కూడా వస్తారు. ఆర్టిలరీ వాళ్లు నాసిక్ పక్కన దేవ్‌లాలీకి, ట్యాంకుల వాళ్లు ఝాన్సీ దగ్గర బబీనాకి. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి బెంగాల్లో కలైకుండ. 2007, 2008లో దీనికి రెండు దేశాల మధ్య ఒప్పందాలు కూడా అయ్యాయి. దేవ్‌లాలీ విన్యాసం పేరు అగ్ని వారియర్, బబీనాది బోల్డ్ కురుక్షేత్ర.

దేవ్‌లాలీలో నేను గమనించింది చెప్తాను. వచ్చినవాళ్లలో గడ్డాలు కూడా సరిగ్గా రాని కుర్రాళ్లు చాలామంది. మొదటి రోజు చూసి మావాళ్లు వీళ్లేం కాలుస్తారనుకున్నారు. కానీ డ్రిల్లులో ఒక్క మాట ఎక్కువ మాట్లాడరు, ఎవరి పని వాళ్లది, గుండు ఎత్తేవాడు, ఫ్యూజు పెట్టేవాడు, కోణం చూసేవాడు, అంతా గడియారం లాగా నడిచేది. ఎండకి మావాళ్ల కంటే వాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండేవాళ్లు, అరగంటకొకసారి నీళ్లు తాగించేవాళ్లు. రెండేళ్ల కోసం వచ్చిన పిల్లల్ని అట్టా తయారుచేశారంటే దాని వెనక నేర్పినవాళ్ల కష్టం ఎంత ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే మా రెజిమెంటులో కొత్త బ్యాచ్ వస్తే నేనే నేర్పేవాడిని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ దేశానికి డబ్బు కొరత లేదు, మనుషుల కొరత. పిల్లలు పుట్టడం తగ్గిపోయింది, అంటే ఏటికేడు సైన్యంలోకి వచ్చే కుర్రాళ్లు తగ్గుతారు. ఇది తలలో పెట్టుకుని వాళ్ల ఆయుధాలు చూడు, అన్నీ అర్థమవుతాయి. ప్రైమస్ అని ట్యాంకు లాగా గొలుసు చక్రాల మీద తనే నడిచే వాళ్ల సొంత 155 ఎంఎం తోపు ఉంది, దాని సిబ్బంది నలుగురే. అట్టాంటిదే మన కె9 వజ్ర, దానికి ఐదుగురు. హైమార్స్ లాంచర్‌కి ముగ్గురు చాలు. 2019లో వచ్చిన హంటర్ అనే కవచ వాహనాన్ని నడిపేదీ ముగ్గురే, వెనక ఎనిమిది మంది కూర్చుంటారు. పెగాసస్ అని ఇంకో తోపు చేసుకున్నారు, అది 5.4 టన్నులే, చినూక్ హెలికాప్టర్ కింద వేలాడదీసి ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు, దించిన తర్వాత చిన్న ఇంజనుతో తనంతట తానే కొంతదూరం కదులుతుంది. మన బోఫోర్స్ కూడా సొంత ఇంజనుతో అట్టా కదిలేదే, కానీ అది దీనికి రెట్టింపు బరువు పైనే ఉంటుంది. తోపు లాగడం అంటే ఏందో లాగినవాడికే తెలుస్తుంది. బురదలో ఇరుక్కున్న గన్‌ని పదిమంది నెట్టిన రాత్రులు నాకున్నాయి, కాబట్టి ఆ చిన్న ఇంజను విలువ నేను చెప్పగలను.

మిషన్ గన్ సంగతి. సెక్షన్‌లో, అంటే కొద్దిమంది సైనికుల చిన్న జట్టులో, చాలా ఏళ్లుగా వాడుతూ వచ్చిన తేలిక మిషన్ గన్ అల్టిమాక్స్ 100, అదీ వాళ్లదే. దాన్ని గీసింది జేమ్స్ సలివన్ అనే అమెరికన్ ఇంజనీరు, ఎం16 మీద పనిచేసిన మనిషి. ఇందులో తెలివి ఏందంటే, కాల్చినప్పుడు బోల్టు వెనక్కి పోయి చివర గోడకి కొట్టుకోదు, మధ్యలోనే స్ప్రింగు మీద నెమ్మదించి ముందుకి వస్తుంది. దాంతో భుజానికి దెబ్బ తగలకుండా ఒకే తీరున నెట్టినట్టు ఉంటుంది, గురి చెదరదు. తుపాకీ ఖాళీగా ఐదు కిలోల లోపే. మీవాడంత సన్నటి పిల్లోడు కూడా నిలబడి కాల్చగలడు. బరువైనది అంటే 7.62 ఎంఎం మ్యాగ్, అది మన దగ్గర కూడా ఉంది, నేను మోశాను, దాన్ని మాత్రం ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికే అప్పజెప్తారు.

ఎస్ఏఆర్ 21 గురించి మెకానికల్ తమ్ముడు బాగా రాశాడు. నాకు మాత్రం బుల్‌పప్ అంతగా నచ్చదు. మ్యాగజైన్ మార్చేటప్పుడు చెయ్యి చంక కిందికి పోవాలి, పడుకుని కాల్చేటప్పుడు అది ఇబ్బంది. ట్రిగ్గర్ ముందు, బోల్టు వెనక కాబట్టి మధ్యలో పొడుగాటి కడ్డీ ఉంటుంది, దానివల్ల ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ స్ఫుటం రాదు. మన పారా కమాండోల దగ్గర టావర్ అనే రైఫిల్ ఉంది, అదీ బుల్‌పప్పే, అది వాడినవాళ్లు కొందరు మెచ్చుకుంటారు, కొందరు నాలాగే అంటారు.

ఇక ఇన్సాస్ గురించి విన్నవి చాలావరకు నిజమే. కార్గిల్ చలిలో మ్యాగజైన్లు పగిలాయి, కాల్చేవాడి కంట్లో ఆయిలు చిందిన సందర్భాలూ ఉన్నాయి. అయినా దాంతోనే మన పిల్లలు ఆ కొండలు ఎక్కి గెలిచారు. ఇప్పుడు సిగ్ 716 రైఫిళ్లు వచ్చాయి, అమేఠీ దగ్గర కోర్వాలో ఏకే 203 రైఫిల్ తయారవుతోంది.

ఒంగోలు_మెకానికల్:

గన్నర్ గారూ, మ్యాగజైన్ మార్చే విషయంలో మీతో కొంచెం విభేదిస్తాను. మొదటి నుంచి బుల్‌పప్ మీదే నేర్చుకున్న కుర్రాడికి వేరే అలవాటే ఉండదు కాబట్టి అది ఇబ్బందిగా తోచదు. ఇన్సాస్, ఏకే మీద ఏళ్ల తరబడి చెయ్యి తిరిగిన మీలాంటివాళ్లకే కొత్త. ట్రిగ్గర్ విషయంలో మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను.

ట్యాంకుల గురించి మీరు రాయలేదు, అందులో మన దేశం పాత్ర కూడా ఉందని విన్నాను. వివరం చెప్పగలరా?

గన్నర్_గిద్దలూరు:

ఉంది బాబూ. అది చాలామందికి తెలియదు, తెలియాలి కూడా.

1965 ఆగస్టులో మలేషియా నుంచి విడిపోయినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది రెండు ఇన్‌ఫాంట్రీ (కాల్బల) బెటాలియన్లు. సొంత ట్యాంకు లేదు, విమానం లేదు. సైన్యాన్ని నిలబెట్టుకోవడానికి సాయం చేయమని అప్పటి వాళ్ల ప్రధాని లీ క్వాన్ యూ మొదట మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారికే రాశాడు, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌కి కూడా రాశాడు. శాస్త్రిగారు శుభాకాంక్షలు చెప్పారు గానీ సైన్యం మాట ఎత్తలేదు. ఆ నెలల్లో మనకే పాకిస్తాన్‌తో యుద్ధం, మన పరిస్థితి అట్టా ఉంది. తర్వాత వాళ్లకి ఇజ్రాయెల్ వాళ్లు వచ్చి నేర్పారు. నిర్బంధ సైనిక సేవ 1967లో మొదలైంది. మొదటి ట్యాంకులు ఏఎంఎక్స్ 13, తేలిక రకం, అవి కూడా ఇజ్రాయెల్ నుంచే కొన్నారు. 1965లో ఛంబ్‌లో మన 20 లాన్సర్స్ రెజిమెంటు పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకి ఎదురు నిలిచింది ఈ ఏఎంఎక్స్ 13లతోనే.

ఆ తర్వాత 1970లలో సింగపూర్ మన దేశం దగ్గరే పాత సెంచూరియన్ ట్యాంకులు కొనుక్కుంది. మన సెంచూరియన్ అంటే ఏందో అసల్ ఉత్తర్, బసంతర్ ట్యాంకు యుద్ధాల పేర్లు విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, 1971లో పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేతర్‌పాల్ చివరిదాకా పోరాడింది సెంచూరియన్‌లోనే. వాళ్లు వాటికి కొత్త ఇంజన్లు పెట్టి, టెంపెస్ట్ అని పేరు పెట్టుకుని చాలా ఏళ్లు నడిపారు. ఇప్పుడు జర్మనీ లెపర్డ్ 2 వాడుతున్నారు. బయోనిక్స్ అని సొంత కవచ వాహనం కూడా ఉంది.

ఇంత ఖర్చు ఎందుకని ఎవరన్నా అడిగితే 1942 చూడమంటాను. ఆ ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కి లొంగిపోయింది. లొంగిపోయిన సైన్యంలో సగం దాకా మన భారతీయ సైనికులే. వాళ్లు ఆ తర్వాత శిబిరాల్లో పడ్డ బాధలు మా సర్వీసులో పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ దీవిలో ఉన్న పిల్లలు తుపాకీ పట్టడం నాకు చాలా న్యాయంగా కనపడుతుంది.

కావలి_ఆడపడుచు_సింగపూర్:

కందుకూరు తమ్ముడూ, నాది కావలి, ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నాం. మా పెద్దోడు ఎన్ఎస్ (నేషనల్ సర్వీసు) పూర్తిచేశాడు. ట్యాంకుల గురించి నాకు తెలియదు గానీ మీ వదినగారికి పనికొచ్చేవి చెప్తాను.

మొదటి తొమ్మిది వారాలు ట్రైనింగ్ పులావ్ టెకాంగ్ అనే దీవిలో. ఆ దీవికి ఫెర్రీలో పోవాలి. రైఫిల్ ఒక చిన్న కార్యక్రమం చేసి చేతికిస్తారు. ఫీల్డ్ క్యాంపులో తిన్నా పడుకున్నా అది పక్కనే ఉండాలి, మర్చిపోయి రెండడుగులు పక్కకి పోయినా శిక్ష ఉంటుంది. ఇంటికి మాత్రం పంపరు, క్యాంపులో ఆర్మ్స్‌కోట్‌లో, అంటే ఆయుధాల గదిలో, పెట్టి తాళం వేస్తారు. కాబట్టి ఇంట్లో తుపాకీ ఉంటుందేమోనన్న భయం అక్కర్లేదు. ఒక నిజం గ్రెనేడ్ కూడా పిల్లల్ని విసరమంటారు, పక్కనే ఆఫీసరు ఉంటాడు, గోడ ఉంటుంది. మావాడు ఆ రోజు గురించే ఎక్కువ చెప్పేవాడు.

యూనిఫారాలు, బూట్లు, హెల్మెట్, వీపుకి వేసుకునే పెద్ద బ్యాగు, ఛాతీకి తగిలించుకునే వెస్టు, నీళ్ల బాటిళ్లు, మట్టి తవ్వే చిన్న పార, ముఖానికి పూసుకునే రంగు, అన్నీ వాళ్లే ఇస్తారు. మనం కొనాల్సింది పెద్దగా ఉండదు. మా అనుభవంలో ముఖ్యం బూట్లు. ఇచ్చిన రోజే సైజు సరిగ్గా చూసుకోమని చెప్పండి, సిగ్గుపడి బిగుతుగా ఉన్నా తీసుకోవద్దు. మార్చమంటే మారుస్తారు. మంచి మందపాటి సాక్సులు రెండు మూడు జతలు ఎక్కువ పెట్టుకోమనండి, కాళ్లకి పౌడరు, పొక్కులకి ప్లాస్టర్లు. చివర్లో 24 కిలోమీటర్ల మార్చ్ ఉండేది, దానికి మావాడి తోటివాళ్లలో కాళ్లు పుండ్లు పడని పిల్లలు తక్కువ. భుజాలు కూడా ఒరుసుకుపోతాయి.

ఎండ గురించి గన్నర్ గారు చెప్పింది నూటికి నూరు శాతం. ఇక్కడ ఎండ మన నెల్లూరు మే నెల అంత ఉండదు గానీ ఉక్క మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది, చెమట ఆరదు. అందుకని అందరినీ వరసగా నిలబెట్టి ఒకేసారి బాటిల్ నీళ్లు తాగిస్తారు, దాన్నే వాటర్ పరేడ్ అంటారు. ఉక్క ఎంత ఉందో కొలిచి దాన్ని బట్టి ఎంతసేపు పని, ఎంతసేపు విశ్రాంతి అని లెక్క కడతారు. మోచేతుల దాకా చల్లటి నీళ్లలో పెట్టించే తొట్లు కూడా ఉంటాయి, దాంతో ఒంట్లో వేడి దిగుతుంది. 2018లో ఒక సైనికుడు వడదెబ్బతో చనిపోయాడు, మరుసటి ఏడాది జనవరిలో న్యూజిలాండ్‌లో ఇంకో రిజర్విస్టు (సర్వీసు అయ్యాక మళ్లీ పిలిచిన సైనికుడు) ప్రమాదంలో పోయాడు, అప్పుడు ఇక్కడ తల్లిదండ్రులందరం చాలా బాధపడ్డాం, కోపం కూడా వచ్చింది. ఆ తర్వాత భద్రత చూడటానికి 2019లో ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు పెట్టారు. ఒంట్లో బాగాలేకపోతే దాచుకోకుండా చెప్పమని మీవాడికి గట్టిగా చెప్పండి. స్నేహితుల ముందు తక్కువవుతామని దాచుకునే పిల్లలకే ప్రమాదం.

తిండికి బెంగ లేదు, క్యాంటీనులో శాకాహారం విడిగా ఉంటుంది, అడవిలో ఇచ్చే రేషన్ ప్యాకెట్లలో కూడా శాకాహారానివి ఉంటాయి.

కందుకూరోడు:

అక్కా, మీరు రాసింది చదివి వినిపిస్తుంటే వదిన మధ్యలో ఆపి సాక్సుల సంగతి కాగితం మీద రాసుకుంది. గన్నర్ గారూ, మీ సెంచూరియన్ కథ మా పిల్లోడికి పంపాను, వాడు ఖేతర్‌పాల్ గురించి ఇంకా ఏమన్నా చెప్పమని అడుగుతున్నాడు. తమ్ముడూ, నీకూ థాంక్స్.

ఆఖరిగా ఒక్కటి. రెండేళ్లు అయిపోతే అయిపోయినట్టేనా? చేరే రోజు తల్లిదండ్రులు కూడా వెళ్లొచ్చా?

కావలి_ఆడపడుచు_సింగపూర్:

అయిపోదు తమ్ముడూ, ఆ తర్వాత రిజర్విస్టు ఉంటుంది, మొత్తం పది విడతల దాకా పిలుస్తారు, మామూలు సైనికుడికి నలభై ఏళ్లొచ్చేదాకా ఆ బాధ్యత ఉంటుంది. అందుకనే యూనిఫారం, బూట్లు, బ్యాగు ఇంట్లోనే పెట్టుకుంటారు. మావాడి బ్యాగు అల్మారా పైన ఉంది. ఏటా పరుగు పరీక్ష కూడా ఉంటుంది, 2.4 కిలోమీటర్లు, దాంతోపాటు పుషప్స్, సిటప్స్. చేరకముందే ఇప్పటినుంచి రోజూ సాయంత్రం పరుగెత్తమనండి, చేరాక శ్వాస తేలిగ్గా ఉంటుంది.

చేరే రోజు అమ్మానాన్న కూడా వెళ్లొచ్చు. ఫెర్రీలో తీసుకెళ్తారు, పిల్లలు పడుకునే గదులు చూపిస్తారు, వాళ్లతో కలిసి భోజనం పెడతారు, ప్రమాణం చేసేటప్పుడు చూడొచ్చు. ఆ రోజుకి మీ అన్నని సెలవు ఇప్పుడే పెట్టుకోమనండి, షిప్‌యార్డులో చివర్లో అడిగితే కష్టం. మీ వదినగారికి నా నంబరు కావాలంటే మెసేజ్ పెట్టండి, ఆమెతో నేనే మాట్లాడతాను.